ఇబ్రహీం సుల్తానలీ పాటన్‌వాలా: అత్తరు అంగడి నుండి ఆఫ్ఘన్ స్నో దాకా



మన ఇళ్ళల్లో నలభై ఏళ్ళు దాటినవారెవరిని అడిగినా ఆఫ్ఘన్ స్నో పేరు చెప్పగానే చిన్నగా నవ్వుతారు. మా అమ్మ సందూకులో ఆ గాజుబుడ్డి ఒకటి ఉండేది. పండుగనాడు, పెళ్ళినాడు మాత్రమే మూత తీసేది. చిటికెన వేలితో కొంచెం తీసి అక్క మొఖానికి రాసి, వేలికి మిగిలింది నా చెంపకు పూసేది. స్నో అయిపోయినా బుడ్డిని పారేసేవాళ్ళం కాదు. అందులో చిల్లర డబ్బులు, చొక్కా గుండీలు, సుర్మా సలాక దాచుకునేవారు. తెనాలిలో గానీ, బాపట్లలో గానీ, రేపల్లెలో గానీ ఫ్యాన్సీ షాపులవాళ్ళకు ఆ పేరు తెలియకుండా ఉండేది కాదు.

అయితే అది ఎవరి సరుకు? పేరును బట్టి కాబూలు నుండి వచ్చిందని కొందరు, సీసా అందం చూసి ఇంగ్లీషు దొరలదని కొందరు అనుకునేవారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అది మన దేశస్థుడు, రాజస్థాన్‌లోని ఒక చిన్న ఊరి నుండి బొంబాయికి పొట్ట చేతబట్టుకొని వచ్చిన ఒక ముస్లిం యువకుడు తయారుచేసిన వస్తువని తెలిసిన రోజున ఆశ్చర్యమూ కలిగింది, సంతోషమూ కలిగింది. ఆయన పేరు ఇబ్రహీం సుల్తానలీ పాటన్‌వాలా.

ఆయన జీవితాన్ని ఇప్పుడు చెప్పుకోవడానికి ఒక కారణం ఉంది. నా దగ్గర ఉర్దూ మీడియంలో చదువుకున్న కుర్రాడొకడు రెండేళ్ళ క్రితం సొంత పేరుతో సెంటు వ్యాపారం పెట్టాడు. విదేశంలోని ఒక కంపెనీవారు సెంటు, సీసా, పెట్టె అన్నీ వాళ్ళే తయారుచేసి, మనం చెప్పిన పేరు దానిమీద అచ్చువేసి పంపుతారు. దీన్నే ప్రైవేట్ లేబుల్ అంటున్నారు. తల్లి బంగారం బ్యాంకులో కుదువబెట్టి సరుకు తెప్పించాడు. మూడు నెలలు తిరక్కుండానే అదే వాసన వేరే పేరుతో, తక్కువ ధరకు బాపట్లలో ఒకచోట, రేపల్లెలో ఒకచోట అమ్ముతున్నారు. కంపెనీవారిని అడిగితే, ఆ వాసన తమదనీ, ఎవరు డబ్బు కడితే వారికి ఇస్తామనీ జవాబిచ్చారు. అట్టపెట్టెలు మంచం కిందికి చేరినవి. వాడు వచ్చి నా ముందు తలవంచుకొని కూర్చున్నప్పుడు నాకు పాటన్‌వాలా గుర్తుకు వచ్చాడు.

పాటన్‌వాలాది రాజస్థాన్‌లోని ఝాల్‌రాపాటన్. ఆ ఊరు అప్పుడు ఝాలావాడ్ సంస్థానంలో ఉండేది. పాటన్‌వాలా అంటే పాటన్ ఊరివాడని అర్థం. మనలో ఇంటిపేర్లు ఊళ్ళ నుండి వచ్చినట్టే ఇదీను. కలిగిన కుటుంబం కాదు. బతుకుదెరువు వెతుక్కుంటూ బొంబాయి చేరి, ఒక అత్తరు వర్తకుని దగ్గర పనికి కుదిరాడు. ఆయన అసలు చదువు ఆ అంగడిలోనే జరిగింది.

అత్తరు పని తేలికైనది కాదు. కన్నౌజ్ పద్ధతిలో రాగి డేగిశాలో పూలూ నీళ్ళూ పోసి, మూతకు మట్టి మెత్తి, కింద సన్నని సెగ పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా పోయి, నీళ్ళలో పెట్టిన భప్కా అనే పాత్రలో చల్లబడుతుంది. భప్కాలో ముందే పోసి ఉంచిన చందన తైలం ఆ పూల వాసనను పట్టుకుంటుంది. సెగ ఎక్కువైతే మాడు వాసన, తక్కువైతే అసలు వాసనే రాదు. మన సముద్రతీరాన, కాలవ గట్లమీద పెరిగే మొగలిపొత్తుల నుండి కూడా ఇదే తీరున కేవ్‌డా తీస్తారు. ఒరిస్సాలోని గంజాం జిల్లా ఆ పనికి ప్రసిద్ధి. ఏ పువ్వు ఏ వేళలో కోయాలి, ఏ వాసన ఎంతసేపు నిలుస్తుంది, ఏది ఏదానితో కలుస్తుంది అనేవి పుస్తకంలో చదివితే వచ్చేవి కావు. ముక్కుకు పట్టాలి, చేతికి అలవడాలి. ఇబ్రహీం సాహెబు ఈ విద్యను అంగడిలో పనిచేస్తూనే నేర్చాడు.

తరువాత సొంతంగా ఓటో దునియా అనే పేరుతో ఒక సుగంధద్రవ్యం తయారుచేశాడు. ఓటో అంటే మరేమీ కాదు, మన అత్తరు అనే మాటనే ఇంగ్లీషువాళ్ళు అలా పలికారు. సంస్థానాధీశుల ఇళ్ళల్లో అది బాగా ఆదరణ పొందింది. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే మరొకరైతే మేడ కట్టేవారేమో. ఈయన ఓడ ఎక్కి యూరప్ పోయాడు. షికారుకు కాదు, నేర్చుకోవడానికి.

అక్కడ స్విట్జర్లాండ్‌లో లియాన్ జివోదాన్‌తో పరిచయం కలిగింది. లియాన్, ఆయన సోదరుడు జేవియర్ కలిసి 1895లో స్థాపించిన జివోదాన్ సంస్థ సుగంధద్రవ్యాల తయారీలో పేరుమోసినది. 1898లో వారు జెనీవా దగ్గర వెర్నియేలో కర్మాగారం పెట్టారు. ఆ సంస్థ నేటికీ ప్రపంచంలో ఆ రంగాన అగ్రస్థానంలో ఉన్నది. పువ్వు నుండి తీసిన వాసనకు తోడు రసాయనశాలలో తయారయ్యే వాసనలు అప్పుడప్పుడే వ్యాప్తిలోకి వస్తున్న కాలమది. డేగిశా, భప్కాల దగ్గర పెరిగిన మనిషి, కొత్త రసాయన విద్య తెలిసిన మనిషి ఒకచోట కలిశారు. ఆ పరిచయం స్నేహంగా మారి ఆఖరుదాకా నిలిచింది.

తిరిగి వచ్చి బొంబాయిలో ముఖానికి రాసుకునే స్నో తయారీకి పూనుకున్నాడు. అప్పటికి మన దేశంలో ఆ మాదిరి సరుకంటే హేజెలిన్ స్నో, పాండ్స్ వంటి పరదేశపు పేర్లే. స్నో తయారీ చెప్పడానికి చిన్నదే. స్టియరిక్ ఆమ్లమనే తెల్లటి కొవ్వుపదార్థాన్ని కరిగించి, కొంచెం క్షారం కలిపితే అందులో కొంత భాగం సబ్బుగా మారుతుంది. దానికి నీళ్ళు, గ్లిసరిన్ చేర్చి, చల్లారేదాకా కలియబెడితే ముత్యంలా మెరిసే తెల్లని ముద్ద తయారవుతుంది. చర్మానికి రాయగానే కనబడకుండా ఇంకిపోతుంది గనుక స్నో అన్నారు. కాని క్షారం ఒక్క పిసరు ఎక్కువైతే మొఖం మండుతుంది, నీళ్ళు సరిగా పట్టకపోతే సీసాలోనే విరిగిపోతుంది. అందుకని సరైన పాకం కుదిరేవరకూ ఎంతో ఓపికగా ప్రయత్నించవలసి వచ్చింది. 1919లో స్నో బజారులోకి వచ్చిందని చెబుతారు.

పేరు గురించి ఒక ముచ్చట ఉంది. ఆఫ్ఘనిస్తాన్ రాజుగారికి పాటన్‌వాలా తన సరుకులు కానుకగా సమర్పించాడట. రాజుగారు ఆ బుడ్డి మూత తీసి చూసి, తమ దేశపు కొండలమీది మంచు జ్ఞాపకం వస్తున్నదన్నాడట. ఆ పేరే పెట్టుకోవడానికి ఈయన అనుమతి అడిగాడని, అలా ఆఫ్ఘన్ స్నో అయిందని ఆ సంస్థ చరిత్రలో చెప్పుకుంటారు.

ఇక అసలు విషయానికి వస్తాను. మొదటి రోజుల్లో ఆఫ్ఘన్ స్నో గాజుబుడ్డి జర్మనీ నుండి వచ్చేది. పైన అంటించే లేబులు జపాన్ నుండి వచ్చేది. లోపలి పరిమళం స్విట్జర్లాండ్ నుండి, జివోదాన్ దగ్గర నుండి వచ్చేది. మరి పాటన్‌వాలాది ఏమిటి? స్నో పాకం ఆయనది. అది విరిగిపోకుండా, మండకుండా చూసే బాధ్యత ఆయనది. అనేక పరిమళాలలో ఏది మన ఆడవాళ్ళకు నచ్చుతుందో ఎన్నుకున్న ముక్కు ఆయనది. పేరు ఆయనది. సరుకు బాగాలేదంటే వచ్చి అడగడానికి బొంబాయిలో చిరునామా ఆయనది. బయటిదేశాల నుండి తెప్పించుకున్నది సామాను మాత్రమే, విద్య కాదు.

ఈ తేడా ఒకసారి గట్టి పరీక్షకు నిలబడవలసి వచ్చింది. స్వదేశీ ఉద్యమకాలంలో విదేశీ వస్తువుల బహిష్కారం జరుగుతున్నప్పుడు, బుడ్డినీ లేబులునూ చూసి ఆఫ్ఘన్ స్నో కూడా విదేశీదేనని జనం పక్కన పెట్టారు. అప్పుడు పాటన్‌వాలా గాంధీ మహాత్మునికి ఉత్తరం రాశాడనీ, విషయం తెలుసుకొని ఆయన ఆ సరుకు ఈ దేశంలో తయారయ్యేదేనని ప్రకటించి అపోహ తొలగించారనీ చెబుతారు. చెప్పుకోవడానికి తన చేతి పని ఉండబట్టి ఆ ఉత్తరం రాయగలిగాడు. బుడ్డీ, లేబులూ, లోపలిదీ అన్నీ పరాయివే అయివుంటే ఆ ఉత్తరంలో ఏమి రాసేవాడు?

పరదేశపు సరుకుమీద ఆధారపడటంలో ఉన్న మరో ప్రమాదం ఆ తరంవారు కళ్ళారా చూశారు. 1939 సెప్టెంబరులో యుద్ధం రాగానే జర్మనీ సరుకు ఆగింది. 1941 డిసెంబరులో జపాను యుద్ధంలోకి దిగగానే ఆ దారీ మూసుకుపోయింది. ఓడ మీద కళ్ళు పెట్టుకొని కూర్చున్న వర్తకులందరూ వేరే దారి వెతుక్కోవలసి వచ్చింది.

ఆఫ్ఘన్ స్నో మాత్రం దేశమంతటా పాకింది. సినిమా తారల బొమ్మలతో ప్రకటనలు వచ్చినవి. 1952లో జరిగిన మిస్ ఇండియా పోటీకి ఈ సంస్థే దన్నుగా నిలిచింది. నాట్యకారిణి ఇంద్రాణి రహమాన్ అందులో గెలిచి మన దేశం తరఫున విశ్వసుందరి పోటీకి వెళ్ళింది. ఇబ్రహీం సాహెబు కాలధర్మం చెంది దశాబ్దాలు గడిచినా బొంబాయి బైకులా ప్రాంతంలో ఇ.ఎస్. పాటన్‌వాలా మార్గ్ ఆయన పేరు నిలుపుతూనే ఉంది. ఒకప్పుడు అత్తరు కొట్లో నౌకరీ చేసిన మనిషి పేరు ఒక వీధికి పెట్టారంటే అది చిన్న విషయమా?

మన పిల్లలు సెంటు వ్యాపారం చేయవద్దని నేననను. అత్తరు మనకు కొత్తదేమీ కాదు. ఈదుకు, జుమాకు చెవిలో ఫాయా పెట్టుకోని ఇల్లు మనలో లేదు. పైదేశంలో చేయించుకోవడం కూడా తప్పు కాదు, పాటన్‌వాలాయే తెప్పించుకున్నాడు. కాని కొన్ని సంగతులు ముందే తెలుసుకోవాలి. ఆ వాసన మనకొక్కరికే ఇస్తారా, అందరికీ ఇచ్చేదా అన్నది కాగితం మీద రాయించుకోవాలి. నమూనా తెచ్చి, సీసా మూతి దగ్గర గాక ఒంటిమీద, మన తీరప్రాంతపు ఎండలో, చెమటలో సాయంత్రందాకా చూడాలి. మొదటి పది నిమిషాల వాసన అందరినీ మోసం చేస్తుంది. స్పిరిటు కలిసిన సెంటు తొందరగా అంటుకునేది గనుక విమానంలో ప్రమాదకర సరుకుగా లెక్క, కిరాయి ఆ ప్రకారమే ఉంటుంది. విదేశపు సౌందర్య సాధనాలను ఇక్కడ అమ్మాలంటే 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ కావాలి. పెట్టెమీద తయారీదారు, దిగుమతిదారు వివరాలు ఉండాలి. పెట్టుకున్న పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకోవాలి. ఇవన్నీ అయ్యాకే తల్లి మెడలోని బంగారం సంగతి ఆలోచించాలి.

ఆ కుర్రాడికి ఈ జీవితం మొత్తం చెప్పాను. విని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగాడు, మరి నాకు తెలిసిన విద్య ఏముంది సార్ అని. జవాబు నేను చెప్పలేదు, వాడికే తెలిసింది. ఇప్పుడు ఒక పాత అత్తరు వ్యాపారి దగ్గర పనికి కుదిరాడు. మంచం కింది సరుకు పెళ్ళిళ్ళకు కొంచెం కొంచెంగా అమ్ముతున్నాడు. బంగారం ఇంకా బ్యాంకులోనే ఉంది, వడ్డీ మాత్రం నెలనెలా కడుతున్నాడు. మొన్న వచ్చి, కళ్ళు మూసుకొని కేవ్‌డాకూ గులాబుకూ మాత్రమే కాదు, రెండు రకాల చందనానికీ తేడా చెప్పగలుగుతున్నానని అన్నాడు. ఇబ్రహీం సాహెబు కూడా అక్కడే మొదలుపెట్టాడని వాడికి చెప్పి, టీ తాగించి పంపించాను.