పరదేశమున రామానుజన్

1914వ సంవత్సరపు చలికాలమున ఒకనాడు, కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో చదువుచున్న ప్రశాంతచంద్ర మహలనోబిస్ అను వంగ యువకుడు ట్రినిటీ కళాశాలలో నున్న తన మిత్రుని చూడబోయెను. మిత్రుడు నిప్పుగూటి చెంతకు జరిగి ముడుచుకొని కూర్చుండి యుండెను. రాత్రులందు చలి బాధించుట లేదా యని మహలనోబిస్ అడిగెను. బాధించుచునే యున్నదనియు, పెద్దకోటు తొడుగుకొని, పైన శాలువ కప్పుకొని పండుకొనుచున్నాననియు మిత్రుడు బదులు చెప్పెను. కంబళ్లు చాలలేదేమోయని మహలనోబిస్ పడకగదిలోనికి పోయి చూచెను. కంబళ్లు కావలసినన్ని కలవు. వానిని మంచముపై పరచి, అంచులు పరుపు క్రిందికి బిగియ మడిచి, అన్నిటిపైన ఒక దుప్పటి కప్పియుండిరి. ఆ దేశపు పక్కను విప్పుకొని కంబళ్ల నడుమ దూరవలెనని ఆ మిత్రునకు తెలియదు. అమర్చిన పక్కకు పైననే పండుకొని ఇన్ని రాత్రులు వణకుచు గడపెను. మహలనోబిస్ పక్క విప్పి చూపెను.

ఆ మిత్రుడు శ్రీనివాస రామానుజన్. మన పాఠశాలలలో లెక్కల ఉపాధ్యాయుడు ఆయన పేరు తలపని సంవత్సరముండదు. 1729 అను సంఖ్య కథ ఎరుగని విద్యార్థియు అరుదు. ఆ కథ నిచట మరల చెప్పబోను. ఆయన ఇంగ్లండులో గడపిన అయిదేండ్లను తలచుకొన్నప్పుడెల్ల నాకు ముందు జ్ఞప్తికి వచ్చునది ఆ పక్కయే.

ఆయన బాల్యము, దారిద్ర్యము పలువురు వ్రాసినవే. 1887 డిసెంబరు 22వ తేదీన ఈరోడులో మాతామహుల ఇంట జన్మించి, కుంభకోణమున పెరిగెను. గణితము తప్ప తక్కిన పాఠములు పట్టక కళాశాల వేతనమును పోగొట్టుకొని, 1905లో ఇల్లు విడిచి పారిపోయినపుడు ఆయన చేరినది మన విశాఖపట్టణమే. కొంతకాలమునకు తిరిగి ఇల్లు చేరెను. తరువాత ఆదరించిన వారిలో ముఖ్యుడు నాటి నెల్లూరు కలెక్టరు దివాన్ బహదూర్ ఆర్. రామచంద్రరావు. కొంతకాలము నెలకు ఇరువదియైదు రూపాయలు తన చేతినుండి ఇచ్చి పోషించెను. 1912లో మదరాసు పోర్టుట్రస్టులో నెలకు ముప్పది రూపాయల గుమాస్తాగిరీ లభించెను. 1913 జనవరి 16వ తేదీన ఆయన వ్రాసిన జాబు కేంబ్రిడ్జిలోని జి.హెచ్. హార్డీకి చేరినది. ఆ జాబుతో ఆయన జీవితము మలుపు తిరిగెను.

హార్డీ రమ్మనెను. రామానుజన్ రాననెను. సముద్రము దాటిన వైష్ణవ బ్రాహ్మణునకు నాటి మాట యేమో ఈనాటి విద్యార్థులకు చెప్పినగాని తెలియదు. పంక్తిలో చోటుండదు, శుభకార్యములకు పిలుపుండదు, చచ్చినచో మోయువారుండరు. 1914 ఆరంభమున ట్రినిటీ పండితుడు ఇ.హెచ్. నెవిల్ ఉపన్యాసములకై మదరాసు వచ్చి మరల అడుగగా, ఈ సారి రామానుజన్ ఒప్పుకొనెను. తల్లి కోమలతమ్మాళ్‌కు కలలో నామక్కల్ నామగిరి తాయారు కనిపించి, కుమారుని అడ్డగింపవలదని ఆనతిచ్చెనని చెప్పుదురు. అప్పటికి పదునైదేండ్లైనను నిండని భార్య జానకి వెంట వచ్చెదనని అడిగినది. వలదనెను. తల్లిని, భార్యను ముందుగనే కుంభకోణమునకు పంపివేసి, పిదప పిలక తీయించుకొనెను. ఆ రూపమున వారి కంటబడుటకు మనసొప్పలేదు కాబోలు. స్నేహితులు దొరల దుస్తులు తొడిగించి, కత్తియు ముల్లును పట్టుట నేర్పిరి. మార్చి 17వ తేదీన నెవాసా అను ఓడ మదరాసు రేవు విడిచెను.

ఏప్రిల్ 14న లండను చేరగా నెవిల్ ఎదురువచ్చి, నాలుగు దినములకు కేంబ్రిడ్జిలోని తన ఇంటికి తోడ్కొనిపోయెను. నెవిల్ దంపతులు మంచివారు. కొంతకాలము ఆయన వారి ఇంటనే యుండెను. అయినను ఆయన బాధ నెవిల్ కంటికి కనబడినది. కూరలు ఎన్నడు నెరుగని రుచులవి. ఇరువదియారేండ్లు కట్టుబాటెరుగని పాదములను బూట్లు చిత్రహింస పెట్టుచుండెను. ట్రినిటీకి పోయిన పిదప ఆయన కాలిజోళ్లతోనే ఆవరణలో నడచుచు పలువురకు కనిపించెడివాడు. బూట్లు విడుచుటకు ధైర్యమేమియు అక్కరలేదని మనకు తోచును. నూరేండ్ల క్రిందటి ట్రినిటీలో, ప్రతి అడుగునకు ఒక మర్యాద యున్నచోట, అది చిన్న తెగింపు కాదు.

అసలు చిక్కు అన్నముతో వచ్చినది. కళాశాల భోజనశాలలో అందరును కలిసి కూర్చుండి భుజించుట అచటి జీవితమునకు ప్రాణము. స్నేహములు, చర్చలు, విద్వద్గోష్ఠి సమస్తమును ఆ బల్లలచుట్టునే జరుగును. రామానుజన్ అచట తినలేదు. మాంసము ముట్టరాదు, శాకములనుకొన్నవి కూడ ఏ జంతువు క్రొవ్వులో వేగినవో యను అనుమానము. తన గదిలోనే చిన్న గ్యాసుపొయ్యి మీద వండుకొన నారంభించెను. మంచి పాలు, పండ్లు దొరకకున్నచో మరింత కష్టపడియుండెడివాడనని స్వదేశమునకు వ్రాసి, వంటకు కావలసిన దినుసులు పంపించుకొనెను. లెక్కలలో మునిగినపుడు వేళ తెలియదు. దినమునకొకమారు, ఒక్కొక్కప్పుడు తెల్లవారుజామున వండుకొని తినుట అలవాటైనది. ఇట్లు నియమము నిలచినది, సాంగత్యము పోయినది. మడి కట్టుకొన్న మనిషిని మన ఇండ్లలో ఎవరును ఒంటరివాడనరు. ఇంటనున్న వారందరును ఆ మడిని కాచుచుందురు. కేంబ్రిడ్జిలో మడికి గోడ మాత్రమే యున్నది, ఇల్లు లేదు.

ఆయన వచ్చిన నాలుగు నెలలలోపలనే యుద్ధము వచ్చినది. ట్రినిటీ ఆవరణలలో నొకదానిని గాయపడినవారికి ఆసుపత్రిగా మార్చిరి. హార్డీ సహచరుడైన లిటిల్‌వుడ్ ఫిరంగి దళపు పనికి పోయెను. విద్యార్థులు తరిగిరి. పాలు, కూరలు కఱవైనవి. మదరాసు ఓడలు సముద్రమున మునుగుచున్న కాలమది. ఆ దినములలోనే ఆయన ప్రతిభ మాత్రము పూర్ణిమ చంద్రునివలె వెలిగెను. 1916 మార్చిలో పరిశోధనకు గాను బి.ఏ. పట్టము వచ్చినది. హార్డీతో కలిసి, ఒక సంఖ్యను ఎన్ని విధముల కూడికలుగా విడదీయవచ్చునో తెలుపు సూత్రమును సాధించెను. 200 అను సంఖ్యను 3,972,999,029,388 విధముల విడదీయవచ్చునని మేజర్ మెక్‌మహన్ చేతితో లెక్కించిన ఫలితముతో ఆ సూత్రము సరిపోయెను. ఈ సంఖ్యను ఉపాధ్యాయులు నల్లబల్లపై వ్రాసి చూపుదురుగాక. చిన్న ప్రశ్నకు ఇంత పెద్ద జవాబు వచ్చుట పిల్లలకు మంచి వింత.

ఇక విందు కథ. రామానుజన్‌కు స్నేహితుడైన జ్ఞానేశచంద్ర ఛటర్జీ అను యువకునకు పెండ్లి నిశ్చయమైనది. ఆయనను, పెండ్లాడబోవు కన్యను, మరియొక మహిళను రామానుజన్ తన గదికి భోజనమునకు పిలిచెను. ఆ మహిళ హైదరాబాదున పెరిగిన మృణాళిని చట్టోపాధ్యాయ, సరోజినీ నాయుడుగారి చెల్లెలు. ఆయన తానే వండి, తానే వడ్డించెను. చారు బాగున్నదని అతిథులు మారు వడ్డించుకొనిరి. ఇంకను వడ్డింపబోగా స్త్రీలిరువురును చాలుననిరి. మాటలు సాగుచుండెను. కొంతసేపటికి చూడగా గృహస్థు గదిలో లేడు. గంటసేపు కాచిరి. క్రిందికి దిగి విచారింపగా, ద్వారపాలకుడు ఆయన టాక్సీ పిలిపించుకొని పోయెనని చెప్పెను. నాలుగు దినములకు ఆక్స్‌ఫర్డునుండి ఛటర్జీకి తంతి వచ్చినది, అయిదు పౌనులు పంపవలసినదని. తిరిగివచ్చిన పిదప అడుగగా, తాను వడ్డించినదానిని వారు వలదనుట అవమానముగా తోచెననియు, అక్కడ నిలువలేకపోయితిననియు చెప్పెను.

ఈ కథ చెప్పి నవ్వుకొనువారు కలరు. నాకు నవ్వు రాదు. మన ఇండ్లలో కొసరి వడ్డించుట మర్యాద. విస్తరిపై చేయి అడ్డము పెట్టుటయు మర్యాదయే. ఆ రెండు మర్యాదలు ఒకదానితోనొకటి పెనగులాడుచుండగా వెనుక తల్లియో, అత్తయో, పొరుగమ్మయో నవ్వుచు సర్దివేయును. ఆ గదిలో సర్దువారు లేరు. ఆ దేశమున ఆయన ఇతరులకు ఈయగలిగినది, గణితము గాక, ఆ చారొక్కటియే. వలదన్నవారు కూడ భారతీయులే యగుటచే గాయము మరింత లోతుగా దిగియుండును. పరదేశమున నున్నవానిని పరదేశీయులే నొప్పింపనక్కరలేదు.

హార్డీని గూర్చి ఒక మాట చెప్పవలెను. ఆయన రామానుజన్‌ను దాదాపు ప్రతిదినమును చూచుచుండెను. ఆయన కొరకు ఎవరితోనైనను పోరాడెను. కాని హార్డీ సిగ్గరి, స్వవిషయములు మాటలాడుటకు వెనుదీయువాడు. ఒకరి గదిలోనికి, ఒకరి మనసులోనికి తొంగిచూచుట తప్పను నాగరికతలో పెరిగినవాడు. రామానుజన్‌యో అభిమానధనుడు, అడుగుట చేతకానివాడు. ఒకరు అడుగరు, ఒకరు చెప్పరు. ఇట్లు అయిదేండ్లు గడచినవి. ఆయనను ఎన్నియో విషయములు అడిగి తెలిసికొని యుండవచ్చునని హార్డీ తరువాత తానే విచారించెను. పడకగదిలోనికి పోయి కంబళ్లు చూచినవాడు ఇరువదియొక్కేండ్ల విద్యార్థి యగుట ఆశ్చర్యము కాదు.

ఇంటినుండి వచ్చు ఉత్తరములును తగ్గెను. జానకి వ్రాసినవి ఆయనకు, ఆయన వ్రాసినవి జానకికి చేరకుండ నడుమ కోమలతమ్మాళ్ ఆపుచుండెను. కొంతకాలమునకు జానకి అత్తవారింట నిలువక సోదరుని వద్దకు పోయెను. ఇదియంతయు ఆయనకు తెలియదు. ఉత్తరములు రాలేదని మాత్రమే తెలియును. 1917 వసంతమున జబ్బుపడెను. క్షయ యని ఎంచి వైద్యులు ఆరోగ్యశాలలకు పంపిరి. నాటి క్షయ చికిత్సయనగా చలిగాలియే. కిటికీలు తెరచియుంచుట, నిప్పు లేకుండుట. కంబళ్ల సంగతి తెలియక వణకినవానికి, తెలిసినను వణకక తప్పని స్థితి వచ్చినది. డెర్బీషైరులోని మాట్లాక్‌లో స్నానపుగది ఒక్కటియే వెచ్చగా నుండుటచే, కాగితములు, కలము తీసికొని రోజు నచటికి పోయి పని చేసెదనని హార్డీకి తెలియజేసెను. అచటి వంటవారికి మన వంట చేతకాదు. ఆయన నాలుక వారి వంటను ఒల్లదు. చూడబోయిన రామలింగమను భారతీయ ఇంజనీరు కలతపడి, ఈ తిండి పోరాటము ప్రాణముల మీదికి వచ్చుచున్నదని హార్డీకి దీర్ఘమైన జాబు వ్రాసెను. ఆయన వ్యాధి క్షయ కాదేమో, 1906లో మదరాసులో వచ్చిన రక్తవిరేచనముల నాటినుండి కాలేయమున నిలిచిన అమీబా వ్యాధియేమో యని 1994లో డి.ఏ.బి. యంగ్ అను నాయన వాదించెను. అదియే నిజమైనచో, నాడు కూడ దానికి మందు కలదు.

1918 తొలినెలలలో ఒకనాడు లండను భూగర్భ రైలు స్టేషనులో ఆయన ప్రాణములు తీసికొన యత్నించెను. రైలు నడుపువారి అప్రమత్తతచే బ్రతికెను. అది నాటి చట్టమున నేరము. హార్డీ పరుగున పోయి, ఈయన రాయల్ సొసైటీ సభ్యుడు, నిర్బంధింపరాదని పోలీసులకు చెప్పి విడిపించెను. అప్పటికి రామానుజన్ సభ్యుడు కాడు. సత్యమునే వ్రతముగా గొన్న గణితవేత్త ఆడిన ఆ అబద్ధము, మే 2వ తేదీన ఆయన ఎన్నికతో నిజమైనది. అక్టోబరులో ట్రినిటీ ఫెలోగా ఎన్నికయ్యెను. ఆ గౌరవమందిన మొదటి భారతీయు డాయనయే. తనకు వచ్చు సొమ్ములో తలిదండ్రులకు ఏటేట యాబది పౌనులు పోగా, ఖర్చులకు మించి మిగిలినదానిని పేదపిల్లల చదువునకు వినియోగింపవలసినదని 1919 జనవరిలో మదరాసు విశ్వవిద్యాలయమునకు వ్రాసెను.

1919 మార్చి 27వ తేదీన బొంబాయిలో ఓడ దిగెను. రేవున తల్లి కనిపించినది. ఆయన మొదట అడిగినది జానకి ఎక్కడ యని. తరువాత జానకి వచ్చి చేరి, చివరిదాక సేవ చేసెను. నీవు వెంట నున్నచో నాకీ జబ్బు వచ్చియుండెడిది కాదని ఆయన తనతో అనెనని ఆమె వృద్ధాప్యమున చెప్పుచుండెడిది. పండుకొనియే పలకపైని, కాగితములపైని లెక్కలు వ్రాయుచుండెను. 1920 జనవరిలో హార్డీకి వ్రాసిన కడపటి జాబులో మాక్ తీటా ప్రమేయములను గూర్చి తెలిపెను.

సముద్రము దాటినందుకు ప్రాయశ్చిత్తముగా రామేశ్వరమునకు తీసికొనిపోవలెనని తల్లి సంకల్పించెను. ఆరోగ్యము సాగనీయలేదు. 1920 ఏప్రిల్ 26వ తేదీ ఉదయమున మదరాసు చేట్‌పట్‌లో ఆయన కన్నుమూసెను. వయస్సు ముప్పదిరెండు. ప్రాయశ్చిత్తము జరుగలేదు గనుక ఆచారవంతులైన బంధువులలో పలువురు అంత్యక్రియలకు రాలేదు. ఆ మధ్యాహ్నమే దహనము జరిగినది. ఏర్పాట్లు చూచినవాడు రామచంద్రరావు.