ఒకే ఓడపై ఆరాధన

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సంఘాలలో ఒకే పాటల పుస్తకాన్ని ఇద్దరు పట్టుకొని పాడడం మనకు అలవాటే. 1941 ఆగస్టు 10, ఆదివారం ఉదయం న్యూఫౌండ్‌లాండ్ తీరాన, ప్రిన్స్ ఆఫ్ వేల్స్ అనే బ్రిటిష్ యుద్ధనౌకపైనా అదే జరిగింది. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్, బ్రిటన్ ప్రధాని విన్‌స్టన్ చర్చిల్ పక్కపక్కన కూర్చున్నారు. ఇరుదేశాల నావికులు కలిసి నిలబడి పాడారు. యెహోషువ గ్రంథం మొదటి అధ్యాయం చదివారు.

రూజ్‌వెల్ట్ 1882లో న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్ పార్కులో సంపన్నుల ఇంట పుట్టారు. తన ఊరి ఎపిస్కోపల్ సంఘంలో పెద్దగా సేవచేశారు. 39వ ఏట పోలియో ఆయన కాళ్లను చచ్చుబరచింది. అయినా 1933లో అధ్యక్షుడయ్యారు. ఆ ఆదివారం కూడా ఇనుప పట్టీలు కట్టుకొని, కుమారుని చెయ్యి ఆనుకొని ఓడపై నడిచారు.

హిట్లర్ ముందు బ్రిటన్ ఒంటరిగా నిలిచినప్పుడు, 1940లో ఆయన 50 పాత యుద్ధనౌకలు ఇచ్చి, బదులుగా స్థావరాలు తీసుకున్నారు. 1941 మార్చిలో లెండ్-లీజ్ చట్టం తెచ్చారు. అప్పటికప్పుడు డబ్బు చెల్లించకుండానే బ్రిటన్‌కు ఆయుధాలు, ఆహారం అందాయి.

ఆ ఓడల భేటీలోనే అట్లాంటిక్ చార్టర్ పుట్టింది. తమ ప్రభుత్వాన్ని తామే ఎన్నుకొనే హక్కు అన్ని ప్రజలకూ ఉందని అది చాటింది. నెల తిరగకముందే అది భారతదేశానికి వర్తించదని చర్చిల్ తేల్చేశారు. ఆయన యౌవనంలో మన పొరుగున ఉన్న బెంగళూరు దండులో సైనికాధికారిగా ఉన్నవారే!

1942 ఏప్రిల్‌లో క్రిప్స్ చర్చలు విఫలమైనప్పుడు, మరోసారి ప్రయత్నించమని రూజ్‌వెల్ట్ చర్చిల్‌ను కోరారు. చర్చిల్ ససేమిరా అన్నారు. ఆగస్టులో మన పట్టాభి సీతారామయ్యగారితో సహా కాంగ్రెస్ నాయకులను అహ్మద్‌నగర్ కోటలో బంధించినప్పుడు, రూజ్‌వెల్ట్ బహిరంగంగా నోరు విప్పలేదు. యుద్ధకాలపు స్నేహం చెదరకూడదనుకున్నారు.

ఆ ఓడ నాలుగు నెలలకే జపాను విమానాల దాడిలో మునిగింది. ఆనాడు పాడినవారిలో ఎందరో దానితోపాటే పోయారు. రూజ్‌వెల్ట్ కూడా ఐరోపాలో విజయం చూడకుండానే 1945 ఏప్రిల్ 12న కన్నుమూశారు.

ప్రియులారా, ఆపదలో పొరుగువానికి చెయ్యి అందించిన ఆయన ఔదార్యాన్ని నేర్చుకుందాం. ఆయన ఆగిపోయిన చోటును కూడా గుర్తుంచుకుందాం. స్నేహితుని కోసం త్యాగం చేయడం ఎంత అవసరమో, అతడు మరొకరికి అన్యాయం చేస్తుంటే ఎదుట నిలిచి చెప్పడమూ అంతే అవసరం.