గోడల్లో ప్రాణాలు దాచిన వడ్రంగి నికొలస్ ఓవెన్

పాత ఇంటి గోడలో, పక్కనే నిలబడినవారు సైతం పసిగట్టలేని తలుపు అమర్చడం ఎంతటి పనివాడికైనా కష్టమే. జీవితమంతా ఆ పనే చేసి, ఆ తలుపుల గుట్టు విప్పనందుకు ప్రాణాలు అర్పించిన వడ్రంగి నికొలస్ ఓవెన్.

ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో 1562 ప్రాంతంలో ఒక వడ్రంగి కుటుంబంలో ఆయన జన్మించారు. చిన్ననాడే చెక్కపని నేర్చారు. సోదరుల్లో ఇద్దరు కాథలిక్ గురువులయ్యారు. ఎలిజబెత్ రాణి ప్రభుత్వం ఆనాడు కాథలిక్కులపై కత్తిగట్టింది. కాథలిక్ గురువులు దేశంలో ఉండడమే రాజద్రోహమనీ, ఆశ్రయమిచ్చినవారికీ మరణశిక్ష తప్పదనీ 1585లో శాసనం చేసింది.

1588 ప్రాంతంలో ఓవెన్ జెస్యూట్ గురువుల పెద్ద హెన్రీ గార్నెట్ వద్ద చేరి, సుమారు 18 ఏళ్ళు సేవ చేశారు. కాథలిక్కుల పాత భవంతుల్లో గురువులు తలదాచుకునేందుకు దొంగ అరలు కట్టేవారు. నౌకర్లకు అనుమానం రాకుండా పగలు మామూలు వడ్రంగం చేసి, రాత్రివేళ ఒంటరిగా రాతిగోడలు తొలిచేవారు. ఒక అర పట్టుబడితే మిగిలినవి బయటపడకుండా ఒక్కొక్కటి ఒక్కో తీరున కట్టేవారు. కూలి ఆశించేవారు కారు. మనిషి పొట్టి. గుర్రం మీదపడి కాలు కుంటి అయింది. హెర్నియా కూడా బాధించేది. అయినా పని మానలేదు.

వూస్టర్‌షైర్‌లోని హార్వింగ్టన్ హాలులో ఆయన పనితనంగా భావించే అరలు నేటికీ ఉన్నాయి. అక్కడ ఇటుక గోడలోని ఒక నిలువు దూలం ఇరుసుపై తిరిగి లోపలికి దారి ఇస్తుంది. మరోచోట మెట్ల పలకలు పైకి లేస్తాయి.

1594లో ఓవెన్ అరెస్టయి చిత్రహింసలకు గురయ్యారు. ఎవరి పేరూ చెప్పలేదు. ఆయన విలువ తెలియని అధికారులు సొమ్ము తీసుకుని వదిలివేశారు. 1605 నవంబరులో పార్లమెంటు పేల్చివేత కుట్ర బయటపడడంతో గాలింపు ఉధృతమైంది. 1606 జనవరిలో సుమారు వందమంది హిండ్లిప్ భవంతిని చుట్టుముట్టి గోడలు తట్టి చూశారు. ఒక అరలో గార్నెట్, మరొక గురువు ఉన్నారు. వేరొక అరలో ఓవెన్, ఆయన సహచరుడు తిండి లేక కొన్ని రోజులు గడిపి చివరకు బయటికి వచ్చి పట్టుబడ్డారు. తాము దొరికితే వెతుకులాట ఆగుతుందని ఆశించారని చెబుతారు. అయినా గాలింపు ఆగలేదు. కొద్ది రోజుల్లో గురువులు కూడా చిక్కారు.

ఈసారి ఆయనెవరో అధికారులకు తెలుసు. దేశంలోని ఎన్నో దొంగ అరల గుట్టు ఈ మనిషి దగ్గర ఉంది. లండన్ టవర్‌లో హెర్నియా ఉన్న మనిషిని చేతులకు కట్టి వేలాడదీశారు. 1606 మార్చిలో ఓవెన్ మరణించారు. ఆత్మహత్య అని ప్రభుత్వం ప్రకటించినా కాథలిక్కులు నమ్మలేదు. దొంగ అరల గుట్టు మాత్రం ఆయన నోట వెలువడలేదు.

1970లో పోప్ ఆరవ పాల్ ఈ వడ్రంగిని పునీతునిగా ప్రకటించారు.