చక్రవర్తిని దిద్దిన ఆచార్యుడు ఆంబ్రోసు

తప్పు చేసినవాడు బలహీనుడైతే దిద్దబోయేవారు వేయిమంది బయలుదేరుతారు. తప్పు చేసినవాడు రాజైనప్పుడు ఆ వేయిమందిలో ఒక్కడు మిగలడం కూడా అరుదు. ఆ మిగిలిన ఒక్కడు సైతం ధర్మాగ్రహానికీ స్వాతిశయానికీ గల భేదాన్ని గుర్తించగలిగినవాడు కావడం మరింత అరుదు. నాలుగవ శతాబ్దంలో మిలాను నగరపు బిషప్పుగా ఉండిన ఆంబ్రోసు రోము చక్రవర్తి థియొడోసియసును రెండు పర్యాయాలు ఎదిరించినాడు. ఆ రెండింటిలో ఒకటి చరిత్రకు ఆదర్శమైనది. రెండవది హెచ్చరికగా నిలిచినది. ఆయన జీవితాన్ని చదివేవారు రెండింటినీ కలిపి చదువవలసి ఉన్నది.

ఆంబ్రోసు క్రీ.శ. 339 ప్రాంతాన, నేటి జర్మనీలో ఉన్న ట్రియరు నగరంలో జన్మించినాడు. తండ్రి గాలు దేశపు ఉన్నత రాజ్యాధికారి. ఆయన మరణానంతరం తల్లి పిల్లలను తీసుకొని రోము నగరం చేరినది. అక్క మార్సెల్లీనా కన్యావ్రతం స్వీకరించినది. అన్న సతీరుసు, ఆంబ్రోసు ఇరువురూ న్యాయశాస్త్రం, వక్తృత్వం అభ్యసించి రాజోద్యోగాలలో ప్రవేశించినారు. 370 తరువాత కొద్దికాలానికే ఆంబ్రోసు మిలాను కేంద్రంగా గల ఉత్తర ఇటలీ మండలానికి పాలకుడైనాడు. పక్షపాతం లేనివాడని ప్రజలు ఆయనను నమ్మినారు.

ఆ నమ్మకమే ఆయన జీవితాన్ని మలుపు త్రిప్పినది. 374లో మిలాను బిషప్పు ఆక్సెంటియసు మరణించినాడు. అతడు క్రీస్తు దైవత్వాన్ని తండ్రి దైవత్వంతో సమంగా అంగీకరించని ఏరియను పక్షానికి చెందినవాడు. తరువాతి బిషప్పు ఏ పక్షంవాడు కావలెనన్న వివాదం దేవాలయంలోనే కలహంగా మారినది. శాంతి నెలకొల్పడానికి పాలకుని హోదాలో వెళ్లి ఆంబ్రోసు ప్రసంగిస్తూ ఉండగా, ఒక బాలుని కంఠం ఆయన పేరునే బిషప్పు పదవికి ప్రతిపాదించినదనీ, ఉభయ పక్షాలూ ఆ పిలుపును అందుకొన్నవనీ ఆయన చరిత్ర వ్రాసిన పౌలీనుసు చెప్పినాడు. అప్పటికి ఆంబ్రోసు జ్ఞానస్నానమైనా పొందలేదు. తప్పించుకొనడానికి ఎన్ని ఉపాయాలు పన్నినా ఫలించలేదు. జ్ఞానస్నానం పొందిన కొద్ది దినాలకే, సంప్రదాయం ప్రకారం 374 డిసెంబరు 7వ తేదీన, ఆయన బిషప్పుగా అభిషిక్తుడైనాడు.

న్యాయస్థానం నుండి నేరుగా గురుపీఠానికి వచ్చిన ఆయనకు తన లోటు తెలియకపోలేదు. నేర్చుకొనకముందే నేర్పవలసిన స్థితి తనకు ప్రాప్తించినదని ఆయన తన గ్రంథంలో దాపరికం లేకుండా వ్రాసికొన్నాడు. సింప్లిసియానుసు అనే వృద్ధ గురువు వద్ద శిష్యుడై వేదాంతం అభ్యసించినాడు. గ్రీకు భాషలోని వ్యాఖ్యానాలను శ్రద్ధగా పఠించినాడు. తన వెండి బంగారాలను పేదలకు పంచిపెట్టినాడు. 378లో గోతుల చేతిలో రోమను సైన్యం పరాజయం పొంది వేలాదిమంది బందీలైనప్పుడు, దేవాలయపు పాత్రలను కరిగించి ఆ ధనంతో వారిని విడిపించినాడు. పవిత్ర వస్తువులను కరిగించినాడని ఏరియనులు నిందించినారు. లోహాన్ని కాపాడడం కంటె ప్రాణాన్ని కాపాడడమే సంఘ ధర్మమని ఆయన సమాధానం.

దోషిని దిద్దే విషయంలో ఆయనకు స్పష్టమైన అభిప్రాయాలు ఉండినవి. ఘోరపాపం చేసినవానికి సంఘంలో క్షమ లేదని ఆ కాలంలో నొవేషియను పక్షంవారు బోధించేవారు. వారిని ఖండిస్తూ ఆంబ్రోసు పశ్చాత్తాపాన్ని గూర్చి రెండు భాగాల గ్రంథం రచించినాడు. రోగిని వెలివేసేవాడు వైద్యుడు కాడన్నది ఆ గ్రంథ సారాంశం. ఎవరైనా వచ్చి తమ దోషం చెప్పుకొంటే వారికంటె ముందుగా తానే కన్నీరు కార్చేవాడనీ, విన్నదానిని దేవునికి తప్ప మరెవరికీ చెప్పేవాడు కాదనీ పౌలీనుసు సాక్ష్యం. స్పెయిను దేశీయుడైన ప్రిసిల్లియనును 385 ప్రాంతాన ట్రియరులో రాజదండనతో వధించినప్పుడు, ఆ మరణాన్ని కోరిన బిషప్పులతో ఆంబ్రోసు సహవాసం మానుకొన్నాడు. దిద్దుబాటు కత్తితో జరిగేది కాదన్న సంగతి అట్టి కాలంలోనూ ఆయనకు తెలుసు.

384లో అగస్టీను అనే యువ ఉపాధ్యాయుడు మిలాను నగరానికి వచ్చినాడు. బిషప్పు బోధలోని శైలిని పరిశీలించడానికి మొదట దేవాలయానికి వెళ్లినవాడు, క్రమంగా విషయానికి లోబడినాడు. 387 ఈస్టరు పండుగనాడు ఆంబ్రోసు చేతి మీదుగా జ్ఞానస్నానం పొందినాడు. అంతకు ముందు సంవత్సరం రాజమాత జస్టీనా ఏరియనుల కోసం ఒక దేవాలయాన్ని అప్పగించుమని ఆజ్ఞాపించగా, ఆంబ్రోసు నిరాకరించినాడు. సైనికులు చుట్టుముట్టిన ఆ ఆలయంలో ప్రజలు నిరాశ చెందకుండా ఆయన పాటలు నేర్పించినాడు. పశ్చిమ ఐరోపాలో సామూహిక కీర్తనగానం వ్యాపించడానికి అది ఒక ముఖ్య కారణమైనది.

ఇంతటివాడైనా ఆంబ్రోసు వివేచన ఒకచోట తప్పినది. 388లో యూఫ్రటీసు నదీతీరాన గల కల్లినికుము పట్టణంలో, అక్కడి బిషప్పు ప్రేరణతో క్రైస్తవులు యూదుల సమాజమందిరాన్ని తగులబెట్టినారు. ఆ బిషప్పే మందిరాన్ని తిరిగి కట్టించవలెనని థియొడోసియసు ఆజ్ఞ ఇచ్చినాడు. అది న్యాయమైన ఆజ్ఞ. ఆంబ్రోసు దానిని వ్యతిరేకిస్తూ లేఖ వ్రాసినాడు. అంతటితో ఆగక, మిలాను దేవాలయంలో నిండు సభలో చక్రవర్తిని ఉద్దేశించి ప్రసంగించి, ఆజ్ఞ రద్దయ్యే వరకు ఆరాధన కొనసాగించనని నిలబడినాడు. చక్రవర్తి లొంగినాడు. తనవారు చేసిన తప్పును దిద్దవలసిన బిషప్పు, దిద్దబోయిన రాజును అడ్డగించినాడు. దిద్దే అధికారం ఎంత గొప్పదో, స్వపక్షాభిమానం దానిని ఎంత సులభంగా వంచగలదో ఈ సంఘటన తెలుపుతున్నది.

రెండు సంవత్సరాల తరువాత మరింత కఠినమైన పరీక్ష వచ్చినది. 390లో థెస్సలొనీక నగరంలో సేనాధిపతి బుథెరిక్కు ఒక నేరానికై ఒక రథసారథిని చెరసాలలో పెట్టించినాడు. రథపు పందేలలో ప్రజలకు అతడు ప్రియుడు. విడుదల చేయుమని ప్రజలు కోరినారు, సేనాధిపతి అంగీకరించలేదు. అల్లరి చెలరేగి మూక బుథెరిక్కును చంపివేసినది. వార్త విన్న చక్రవర్తి కోపంతో నగర ప్రజల వధకు ఆజ్ఞ ఇచ్చినాడు. సైనికులు దోషి, నిర్దోషి అనే విచక్షణ లేకుండా జనాన్ని నరికినారు. మృతులు 7,000 మంది అని ఐదవ శతాబ్దపు చరిత్రకారుడు థియొడొరెటు వ్రాసినాడు.

ఈసారి ఆంబ్రోసు నిండు సభలో నిలదీయలేదు. చక్రవర్తి మిలాను చేరే సమయానికి అనారోగ్యమని చెప్పి నగరం విడిచి వెళ్లినాడు. వెళ్లి, లేఖకులెవరికీ అప్పగించకుండా స్వహస్తంతో, చక్రవర్తి ఒక్కడే చదువుకొనేటట్లు ఒక లేఖ వ్రాసినాడు. ఆయనలోని సద్గుణాలను ప్రస్తావించినాడు. త్వరగా రగిలే కోపస్వభావాన్నీ దాచలేదు. ఊరియాను చంపించిన దావీదు, నాతాను ప్రవక్త మందలింపు విని తన పాపాన్ని ఒప్పుకొన్న వృత్తాంతాన్ని జ్ఞాపకం చేసినాడు. పశ్చాత్తాపం లేకుండా చక్రవర్తి వచ్చి నిలిస్తే, తాను ఆయన సమక్షంలో బలిపూజ అర్పించలేనని స్పష్టం చేసినాడు. ఆంబ్రోసు జీవితకాలంలో కూర్చిన లేఖాసంపుటాలలో ఈ లేఖ చేరలేదు. వేరుగా భద్రమై తరువాతి తరాలకు అందినది. ఒక మనిషిని రక్షించడానికి వ్రాసిన మాటను తన కీర్తికి సాధనం చేసికొనని ఆ నిగ్రహంలోనే ఆ లేఖ బలం ఉన్నది.

థియొడోసియసు దావీదు మార్గాన్నే అనుసరించినాడు. రాజచిహ్నాలను తొలగించి, సామాన్య దోషి వలె దేవాలయంలో అందరి ఎదుట విలపించినాడు. ఆ సంవత్సరం క్రిస్మసు నాటికి సంఘం ఆయనను తిరిగి చేర్చుకొన్నది. మరణశిక్ష విధించిన పిమ్మట 30 దినాల వరకు అమలు జరుపరాదన్న శాసనాన్ని ఆయన ఈ సందర్భంలోనే చేసినాడని థియొడొరెటు కథనం. శాసనసంపుటంలో దానికి 382 నాటి తేదీ ఉన్నా, అది 390కే చెందినదని పలువురు పండితుల అభిప్రాయం. కోపానికీ కత్తికీ నడుమ ఒక నెల ఎడముంచిన ఆ శాసనం ఏ నాటిదైనా, థెస్సలొనీక నేర్పిన పాఠం అదే.

ఆలయద్వారం వద్ద బిషప్పు చేయి చాచి చక్రవర్తిని అడ్డగించినట్లు థియొడొరెటు వర్ణించినాడు. రూబెన్సు, వాన్ డైకు వంటి చిత్రకారులు ఆ దృశ్యాన్నే చిత్రించినారు. నేటి చరిత్రకారులు దానిని కల్పనగా భావిస్తారు. నిజంగా జరిగినది ద్వారం వద్ద ఘర్షణ కాదు, ఏకాంతంలో చదివిన ఒక లేఖ. లోకం చిత్రపటాన్ని మెచ్చుకొన్నది. చక్రవర్తిని మార్చినది మాత్రం లేఖయే. నలుగురిలో అవమానించి గెలవడం కల్లినికుము పద్ధతి. ఒంటరిగా చెప్పి, దోషికి తిరిగి వచ్చే దారి తెరిచి ఉంచడం థెస్సలొనీక పద్ధతి.

395 జనవరి 17వ తేదీన థియొడోసియసు మిలానులోనే మరణించినాడు. నలుబదవనాడు సంస్మరణ ప్రసంగం చేసినది ఆంబ్రోసే. పొగిడినవారి కంటె మందలించినవానినే ఆ చక్రవర్తి ఎక్కువగా ఆదరించినాడని ఆనాడు చెప్పి, ఆయన బహిరంగ పశ్చాత్తాపాన్ని విజయాలతో సమానంగా స్మరించినాడు.

మరి రెండేండ్లకు ఆంబ్రోసు మంచం పట్టినాడు. తరువాతి బిషప్పును గూర్చి దూరంగా నిలిచి గుసగుసలాడుతున్న శిష్యులు సింప్లిసియానుసు పేరు తలచి, మరీ వృద్ధుడని సందేహించినారట. ఆ మాట చెవినబడిన రోగి, వృద్ధుడైనా ఉత్తముడే అని ముమ్మారు పలికినాడని పౌలీనుసు వ్రాసినాడు. 397 ఏప్రిల్ 4వ తేదీన, ఈస్టరు ముందటి శనివారంనాడు ఆంబ్రోసు కన్నుమూసినాడు. ఒకనాడు తనకు పాఠం చెప్పి, తన తప్పులు దిద్దిన వృద్ధ గురువే ఆయన పీఠాన్ని అధిష్ఠించినాడు.