జోసెఫ్ బ్లాక్

సున్నపురాయిని చేతితో తాకిన బాధింపదు. దానినే బట్టీలో కాల్చినచో చర్మమును పొక్కించు తీక్ష్ణమైన సున్నమగును. నీళ్లు చల్లిన సెగలు గ్రక్కును. సాధువైన రాయి ఇంత క్రూరమగుటకు హేతువేమి? కొలిమిలోని అగ్నికణములు రాతిలో చొరబడుటయే హేతువని పదునెనిమిదవ శతాబ్దపు పూర్వార్ధమున ఐరోపా పండితులు పలువురు నమ్మియుండిరి. యుక్తముగనే తోచు ఆ మతమును త్రాసుతో తూచి కాదనినవాడు జోసెఫ్ బ్లాక్ అను వైద్యవిద్యార్థి.

బ్లాక్ 1728వ సంవత్సరమున ఫ్రాన్సు దేశములోని బోర్డో పట్టణమున జన్మించెను. తండ్రి స్కాట్లండు వంశీయుడు, బెల్‌ఫాస్టు నగరవాసి. ద్రాక్షసారాయి వర్తకమునకై బోర్డోలో కాపురముండెను. బాలుని పండ్రెండవ యేట చదువునకై బెల్‌ఫాస్టునకు పంపిరి. పిమ్మట అతడు గ్లాస్గో విశ్వవిద్యాలయమున విలియం కల్లెన్ అను ఆచార్యునికడ రసాయనశాస్త్రము నభ్యసించి, ఆయన ప్రయోగశాలలో సహాయుడయ్యెను. వైద్యవిద్య ముగించుటకు 1752లో ఎడింబరో నగరమునకు పోయెను.

ఆ కాలమున మూత్రాశయమున రాళ్లు పుట్టి అనేకులు యాతనపడుచుండిరి. మత్తుమందు లేని ఆ దినములలో శస్త్రచికిత్స యనిన ప్రాణములపై ఆశ వదలుకొనుటయే. కావున రాతిని కరగించు మందుకొఱకు వైద్యులు వెదకుచు, రోగులచే సున్నపుతేట త్రాగించుచుండిరి. అయితే ఆల్చిప్పలను కాల్చిన సున్నము మేలా, రాతిని కాల్చినది మేలా? ఈ విషయమున ఎడింబరోలోని ఆచార్యులిద్దఱు తీవ్రముగ వాదులాడుకొనుచుండిరి. ఆ కలహమున తలదూర్చ నొల్లక బ్లాక్ సున్నమును ప్రక్కకుంచి, తెల్ల మెగ్నీషియా అను పొడిని పరిశోధనకు ఎన్నుకొనెనని చెప్పుదురు. ఇది పిఱికితన మనువారుందురేమో. నాకు వివేకమనియే తోచుచున్నది. ఆ ప్రక్కదారియే అతనిని అసలు రహస్యమునకు చేర్చినది.

మెగ్నీషియాను రాగి కరగునంతటి వేడిమిలో సుమారొక గంటసేపు కాల్చి తూచగా, బరువులో పండ్రెండింట ఏడు వంతులు తఱిగియుండెను. అగ్ని లోపల ప్రవేశించినచో బరువేల తగ్గవలెను? ఏదియో వెలికి పోయినది. కాల్చని పొడిపై ఆమ్లము పోసిన బుసబుస పొంగును. కాల్చినదానిపై పోసిన పొంగదు. ఆ పొంగు కలిగించు వాయువే నిప్పులో వెడలిపోయినదని బ్లాక్ గ్రహించెను.

పిమ్మట సుద్దను చేతబట్టెను. 120 గ్రెయినుల సుద్ద కాలి 68 గ్రెయినుల సున్నమయ్యెను. ఆ సున్నమును నీటితో విరియించి, సాధుక్షారము కరగిన నీటితో కలుపగా మరల సుద్దయే లభించెను. కడిగి, ఆరవేసి తూచగా 118 గ్రెయినులు! పోయిన వాయువు క్షారమునుండి సున్నమునకు వచ్చి చేరినది. దానిని కోల్పోయిన క్షారము తీక్ష్ణమైనది. సున్నము తన అగ్నిని క్షారమునకు ఇచ్చుచున్నదని పూర్వులు తలచిరి. నిజమునకు సున్నము ఇచ్చుటలేదు, పుచ్చుకొనుచున్నది. ఘనపదార్థమున బంధింపబడి యుండు ఈ వాయువును బ్లాక్ బద్ధవాయువని వ్యవహరించెను. 1754లో వైద్యపట్టమునకై వ్రాసిన గ్రంథమున మెగ్నీషియా సంగతియు, 1756లో ప్రకటించిన వ్యాసమున సున్నపు సంగతియు వివరించెను. రోగుల రాతిని కరగించు మందు మాత్రము దొరకలేదు.

సున్నపుతేటను మూతలేక ఉంచిన పైన తెట్టె కట్టును; సీసాలో నిండుగ పోసి బిగించిన కట్టదు. కావున గాలిలో బద్ధవాయువు కొంత కలిసియున్నదని అతడు నిశ్చయించెను. సున్నపుతేటలోనికి ఊపిరి ఊదగా అది తెల్లబాఱెను. కాలెడి బొగ్గునుండియు, పులియు పానీయములనుండియు వెలువడు వాయువులును అట్లే చేసెను.

ఈ బద్ధవాయువునే మనము బొగ్గుపులుసు వాయువనియు, కార్బన్ డయాక్సైడనియు అనుచున్నాము. ఇది ఆమ్లస్వభావముగల ఆక్సైడు. నీట కరగి దుర్బలమైన ఆమ్లమగును. సున్నపుతేటలోని క్షారముతో కలిసి లవణమును, నీటిని కలిగించును. ఆ లవణమే నీట కరగని సుద్ద; తేట పాలవలె మాఱుటకు అదియే కారణము. మన యిండ్ల గోడలకు వేసిన వెల్ల కొన్నాళ్లకు గట్టిపడుటయు, గాలిలోని ఈ వాయువును గ్రహించి సున్నము మరల సుద్దయగుటచేతనే.

1756లో బ్లాక్ గ్లాస్గోలో ఆచార్యుడయ్యెను. మంచు కరగునపుడును, నీరు ఆవిరియగునపుడును లోపల దాగియుండు గుప్తోష్ణమును అచటనే కనుగొనెను. విశ్వవిద్యాలయమునకు పరికరములు చేసియిచ్చు జేమ్స్ వాట్ అతనికి ఆప్తమిత్రుడు. వాట్ ప్రయోగములకు బ్లాక్ ధనమును అప్పిచ్చెను. 1766లో ఎడింబరో చేరి, ముప్పది యేండ్లు బోధించెను. గ్రంథరచనయందు అతనికి ఆసక్తి స్వల్పము. ఉపన్యాసములను సైతము అతని మరణానంతరము 1803లో జాన్ రాబిసన్ అను మిత్రుడు అచ్చువేయించెను. అందుచేతనే కాబోలు, వాట్ పేరెఱిగిన బాలురు బ్లాక్ పేరు వినియుండరు.

బ్లాక్ వివాహమాడలేదు. దేహము దుర్బలమగుటచే ఆహారమును కొలతతో పుచ్చుకొనుచుండెను. 1799లో ఒకనాడు కొంచెము రొట్టెయు, ఎండిన పండ్లును, కొలిచి నీళ్లు కలిపిన పాలును ముందుంచుకొని భుజించుచుండ ప్రాణము పోయెను. పాలగిన్నె మోకాళ్లపై ఉండెను. ఒక్క చుక్కయైన తొణకలేదు. తలుపు తీసి చూచిన సేవకుడు యజమాని నిద్రించుచున్నాడని తలచి, చప్పుడు కాకుండ మూసి వెడలెను.