నవల నేర్పిన ఇంగ్లీషు: కందుకూరి వీరేశలింగం పంతులుగారి జీవితం

మన కంబం లోయలో పుట్టిన తెలుగు బిడ్డకు చిన్ననాటి నుండే మూడు భాషలతో పని పడుతుంది. ఇంట్లో తెలుగు, వీధిలోనూ అంగడిలోనూ తమిళం, పై చదువులకు ఇంగ్లీషు. విజయనగర ప్రభువుల కాలంలోనూ, మధుర నాయకుల కాలంలోనూ ఈ సీమకు వచ్చి స్థిరపడిన మన పూర్వులు తమిళాన్ని తమదిగా చేసుకున్నారు. తెలుగును మాత్రం విడువలేదు. కాని ఇంగ్లీషు మాట వచ్చేసరికి తల్లిదండ్రుల మనస్సులో ఒక శంక తలయెత్తుతుంది. తెలుగులో చదివిన పిల్లవానికి ఆ భాష పట్టుబడుతుందా అన్నదే ఆ శంక. మన పాఠశాల వజ్రోత్సవాలను దాటి డెబ్బయి అయిదేండ్ల పండుగ జరుపుకొంటున్న ఈ శుభవేళ, ఆ శంకకు తన జీవితంతోనే సమాధానం చెప్పిన ఒక మహనీయుని స్మరించుకోవడం సముచితం. ఆయన మన లోయకు ఎంతో దూరాన, గోదావరి తీరాన జన్మించిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు.

పంతులుగారు 1848 ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరంలో జన్మించారు. తల్లి పున్నమ్మగారు, తండ్రి సుబ్బారాయుడుగారు. నాలుగేండ్ల ప్రాయంలోనే తండ్రి గతించగా, పెదతండ్రి వెంకటరత్నంగారు ఆయనను పెంచారు. బాల్యం నుండి ఉబ్బస వ్యాధి ఆయనను పీడించింది. తొలుత వీధిబడిలో తెలుగు చదువు సాగింది. ఇంగ్లీషు పాఠశాలలో చేరింది ఆ తరువాతనే. అంటే పరభాష ఆయన ఇంటికి వచ్చేనాటికి మాతృభాష అక్కడ గట్టిగా పీట వేసుకొని కూర్చున్నది. ఈ క్రమాన్ని మనం గుర్తుంచుకోవాలి.

ఆనాటి కచేరీలలో లంచాలు లేనిదే ఏ పనీ జరిగేది కాదు. అది గిట్టక పంతులుగారు ఉపాధ్యాయ వృత్తిని చేపట్టారు. కోరంగిలోను, పిమ్మట ధవళేశ్వరంలోను పనిచేశారు. 1874లో ‘వివేకవర్ధని’ పత్రికను స్థాపించారు. అదే సంవత్సరం ధవళేశ్వరంలో బాలికలకు పాఠశాల తెరిపించారు. పగలు పాఠాలు, రాత్రి పత్రికా రచన, మధ్యమధ్య గ్రంథ పఠనం. ఇదీ ఆయన దినచర్య.

ఆ పఠనంలో ఆయన చేతికి వచ్చిన ఒక పుస్తకం తెలుగు సాహిత్య చరిత్రలోనే కొత్త అధ్యాయాన్ని తెరిచింది. ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1766లో ప్రకటించిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ అనే నవల అది. సంపద పోగొట్టుకొని కష్టాల పాలైన ఒక గ్రామ మతగురువు కుటుంబకథ అందులోని వస్తువు.

పరభాషలోని మాట కథలో కూర్చున్నప్పుడు ఎంత సులువుగా మనసుకు ఎక్కుతుందో ఈ పుస్తకమే చూపుతుంది. మతగురువు కుమారుడు మోజెస్ గుర్రాన్ని అమ్మడానికి సంతకు వెళ్ళి, డబ్బుకు బదులు ఒక గ్రోసు ఆకుపచ్చ కళ్ళజోళ్ళతో తిరిగివస్తాడు. వెండి అంచులని నమ్మి కొన్నవి తీరా చూస్తే రాగివి! గ్రోసు అంటే పన్నెండు డజన్లని నిఘంటువులో చూసి వల్లించిన విద్యార్థి రేపటికి మరచిపోవచ్చు. నూటనలభైనాలుగు పనికిరాని కళ్ళజోళ్ళను ఇంటిముందు దింపిన ఆ అమాయకుని తలచుకొని నవ్విన విద్యార్థి మాత్రం ఆ మాటను జీవితాంతం మరువడు.

పంతులుగారు ఆ నవలను చదివి ఊరుకోలేదు. తెలుగులోకి మార్చడానికి పూనుకున్నారు. కొన్ని ప్రకరణాలు సాగిన పిమ్మట అది ఆయనకు తృప్తి నీయలేదు. దానిని విడిచి స్వతంత్రంగా రచన ఆరంభించారు. కారణం ఊహించడం కష్టం కాదు. శీర్షికలోని వికార్ అనే మొదటి మాటకే మన ఊళ్ళలో సరియైన మనిషి లేడు. మాటకు మాట పెట్టినంత మాత్రాన ఆ మనిషి తెలుగువాడు కాడు. అందుచేత ఆయన మాటను వదిలి మనిషిని వెదికారు. ఆంగ్ల మతగురువు స్థానంలో ధవళేశ్వరపు సద్బ్రాహ్మణ గృహస్థు రాజశేఖరుడు నిలిచాడు. అతని ధనాన్ని ముఖస్తుతులు చేసే మిత్రులు కొంత, బంగారం చేసి చూపుతానన్న యోగి కొంత హరించారు. మారువేషంలో ఆదుకునే ఆంగ్ల ప్రభువు స్థానంలో పెద్దాపురం ప్రభువు కృష్ణజగపతి మహారాజు రామరాజు అనే పేరుతో ప్రవేశించాడు.

ఈ ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’లో వెలువడనారంభించి, 1880లో గ్రంథరూపం దాల్చింది. పంతులుగారు దానిని వచనప్రబంధం అన్నారు. నవల అనే మాటే అప్పటికి తెలుగులో నిలదొక్కుకోలేదు. ఆ మాటను వ్యాప్తికి తెచ్చిన వారిగా కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారిని చెబుతారు. ఆ శాస్త్రిగారే పంతులుగారి గ్రంథం ఆంగ్ల నవలకు అనుకరణమని తీవ్రంగా విమర్శించడం ఒక విశేషం. తెలుగులో మొదటి నవల ఏదన్న చర్చలో 1872 నాటి ‘శ్రీరంగరాజ చరిత్ర’ పేరు కూడ వినిపిస్తుంది. ఋణం ఉన్నమాట నిజమే. కాని ధవళేశ్వరం, శకునాలు, జాతకాలు, తీర్థయాత్రలు, పల్లెల్లోని మోసాలు గోల్డ్‌స్మిత్ ఇచ్చినవి కావు. పంతులుగారు కన్నులారా చూసినవి.

తరువాత జరిగినది మరింత ముచ్చటైనది. హచిన్‌సన్ అనే ఆంగ్ల మతాచార్యుడు ఈ తెలుగు గ్రంథాన్ని ఇంగ్లీషులోకి మార్చగా, 1887లో లండనులో ‘ఫార్చ్యూన్స్ వీల్’ అనే పేరుతో ప్రచురితమైంది. భాగ్యచక్రమని దాని భావం. సుఖదుఃఖాలను చక్రంతో పోల్చడం మన కావ్యాలలోనూ ఉన్నదే. ఇంగ్లీషు నవల చదివి మాటలు నేర్చిన ఉపాధ్యాయుని పుస్తకం, ఏడేండ్లు తిరిగేసరికి ఆంగ్లేయులనే చదువరులుగా చేసుకున్నది!

ఇక ఆయన ఆగలేదు. స్విఫ్ట్ రచించిన ‘గలివర్ యాత్రల’ను ఆదర్శంగా గ్రహించి ‘సత్యరాజా పూర్వదేశ యాత్రలు’ వ్రాశారు. స్త్రీలు పురుషులను ఏలే దేశాన్ని అందులో కల్పించి, స్త్రీల పట్ల మన సమాజం చూపే అన్యాయాన్ని తలక్రిందులు చేసి చూపారు. షేక్స్‌పియర్, షెరిడన్ నాటకాలను తెలుగు చేశారు. చదివినదానిని ఆచరణలోనూ పెట్టారు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించారు. సంఘం వెలివేసినా, ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు తోడుగా నిలువగా వెనుదీయలేదు. మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులుగా పనిచేశారు. యావదాస్తిని హితకారిణీ సమాజానికి సమర్పించి, 1919 మే 27వ తేదీన మదరాసులో కీర్తిశేషులైనారు.

ప్రియమైన విద్యార్థులారా! పంతులుగారి జీవితం మనకు ఒక మార్గం చూపుతున్నది. ఏడాదికి ఒక్క ఇంగ్లీషు నవలను ఎంచుకోండి. తెలియని ప్రతి మాట దగ్గరా ఆగక కథను పట్టుకొని ముందుకు సాగండి. మరల మరల ఎదురైన మాటను మాత్రం నోటుపుస్తకంలో వ్రాసుకోండి. సాయంకాలం చదివిన ప్రకరణాన్ని మీ అవ్వకో తాతకో తెలుగులో చెప్పండి. ఇంగ్లీషు నుడికారం ఒకటి అడ్డుపడితే, మన ఇంట అదే భావాన్ని ఏమని అంటారో ఆ పెద్దలనే అడగండి. వారికి అర్థమైతే ఆ మాట మీకు వచ్చినట్లే. అర్థం కాకపోతే మీకింకా రానట్లే. ఇంతకు మించిన పరీక్ష ఏ విశ్వవిద్యాలయమూ పెట్టజాలదు.

ఈ పరీక్షకు ఇంట తెలుగు నిలిచి ఉండాలి. దానిని డెబ్బయి అయిదేండ్లుగా నిలుపుతున్న మన పాఠశాల మరి నూరేండ్లు వర్ధిల్లుగాక!