జీతాలు లేని సంస్థకు 47 ఏళ్ల సారథి

కురుచికుప్పం (పుదుచ్చేరి): సముద్రతీరాన ఉన్న ఈ పేట నుంచి దక్షిణంగా కొద్ది వీధులు దాటితే శ్రీ అరవిందాశ్రమ ప్రధాన భవనం వస్తుంది. ఆధ్యాత్మిక గురువుగా లోకం ఎరిగిన శ్రీమాత, అసలు పేరు మిర్రా అల్ఫాసా, అక్కడి నుంచే 47 ఏళ్లపాటు ఒక పెద్ద సంస్థను నడిపారు. వాటాదారులు గాని, సాధకులకు జీతాలు గాని లేని ఆ సంస్థ నిర్వహణలో ఆమె చూపిన దక్షత, మిగిల్చిన చిక్కులు రెండూ గమనించదగినవే.

1878 ఫిబ్రవరి 21న పారిస్‌లో ఒక బ్యాంకరు ఇంట జన్మించిన మిర్రా చిత్రకళను అభ్యసించారు. 1914 మార్చిలో భర్త పాల్ రిషార్‌తో కలసి, నాడు ఫ్రెంచి పాలనలో ఉన్న పుదుచ్చేరికి వచ్చి అరవిందులను దర్శించారు. మరుసటి ఏడాది వెళ్లిపోయి, ఫ్రాన్సు, జపానులలో గడిపి, 1920 ఏప్రిల్‌లో తిరిగివచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. 1926 నవంబరులో అరవిందులు ఏకాంతవాసం స్వీకరించి ఆశ్రమ భారాన్ని ఆమెకు అప్పగించారు. అప్పటికి సాధకులు సుమారు పాతికమంది.

వంటశాల, తోటలు, కర్మశాలలు, భవన నిర్మాణం వంటి పనులను ఆమె శాఖలుగా విభజించారు. సాధకులకు వేతనం లేదు. భోజనం, వసతి, వస్త్రాలు ఆశ్రమమే సమకూర్చేది. నిత్యావసర వస్తువులను ప్రతి నెలా మొదటి తేదీన పంపిణీ చేసేవారు. ఈ వ్యయానికి ముఖ్యాధారం విరాళాలు.

వాటిలో ఒకటి తెలుగువారికి ఆసక్తి కలిగించేది. హైదరాబాదు సంస్థానంలో ఉన్నత పదవులు నిర్వహించిన సర్ అక్బర్ హైదరీ ద్వారా నిజాం ప్రభుత్వ విరాళం లభించింది. దానితో సాధకుల వసతి గృహాన్ని తలపెట్టి, దాతకు గుర్తుగా గోల్కొండ పేరు పెట్టారు. ఆంటోనిన్ రేమండ్ రూపకల్పన చేయగా 1937లో పని ప్రారంభమయింది. నిర్మాణంలో సాధకులు స్వయంగా పాల్గొన్నారు. గాలి ధారాళంగా ఆడేలా గోడల స్థానంలో తెరిచి మూయగల పలకలు అమర్చారు. దేశంలో కాంక్రీటుతో వెలసిన తొలి ఆధునిక భవనాలలో ఇదొకటి.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పలు కుటుంబాలు పిల్లలతో ఆశ్రయం కోరి వచ్చాయి. 1943 డిసెంబరు 2న ఆమె పాఠశాల ప్రారంభించారు. బాలికలకు బాలురతో సమానంగా వ్యాయామం, క్రీడలు నేర్పించారు. వారు నిక్కర్లతో మైదానంలోకి రావడం ఆనాడు విమర్శలకు గురయినా ఆమె వెనుదీయలేదు.

అయితే పట్టణంతో సంబంధాలు ఎల్లవేళలా సజావుగా సాగలేదు. 1965 ఫిబ్రవరిలో హిందీ వ్యతిరేకోద్యమ సమయంలో అల్లరిమూకలు ఆశ్రమ భవనాలపై దాడి చేసి కొన్నిటికి నిప్పుపెట్టాయి. స్థానికులలో కొందరికి ఆశ్రమం పరాయిదిగానే మిగిలిందని ఆ ఘటన వెల్లడించింది.

90వ ఏట ఆమె తలపెట్టినది అరోవిల్ నగరం. 1968 ఫిబ్రవరి 28న జరిగిన ప్రారంభోత్సవంలో 124 దేశాల మట్టిని ఒకే కలశంలో చేర్చారు. జాతి, మత భేదాలు లేకుండా 50,000 మంది నివసించాలన్నది లక్ష్యం. ప్రస్తుత జనాభా సుమారు 3,000 మాత్రమే.

1973 నవంబరు 17న ఆమె కన్నుమూశారు. ఆశ్రమానికి 1955లోనే ట్రస్టు ఏర్పరచినందున అక్కడ నిర్వహణ కొనసాగింది. అరోవిల్‌కు మాత్రం అటువంటి స్వతంత్ర వ్యవస్థ లేదు. దాని ఆస్తులు ఆమె అధ్యక్షతన నడిచిన శ్రీ అరవింద సొసైటీ చేతిలో ఉండేవి. ఆజమాయిషీ ఎవరిదన్న విషయమై సొసైటీకి, నివాసులకు వివాదం చెలరేగింది. 1980లో కేంద్రం ప్రత్యేక చట్టంతో జోక్యం చేసుకోగా, సుప్రీంకోర్టు 1982లో దానిని సమర్థించింది. 1988లో పార్లమెంటు అరోవిల్ ఫౌండేషన్ చట్టం చేసింది.

ఆమె జీవించినంత కాలం ఆమె మాటే నిబంధన. ఆ మాట ఆగిపోయాక అరోవిల్‌కు నిబంధనలు సమకూరడానికి 15 ఏళ్లు పట్టింది.